కట్టు విప్పెడి ఇంగ్లీషు మాట

రామకృష్ణాపూర్ వంటి బొగ్గుబావుల యూరిలో ఒక దినమున ఎన్ని కట్లు బిగింపఁబడుచున్నవో, ఎన్ని విప్పఁబడుచున్నవో లెక్క పెట్టినవారు లేరు. తెల్లవాఱకమునుపే మొదటి షిఫ్టునకు బయలుదేఱు పురుషుఁడు నడుమునకు బెల్టు బిగించును. లాంపురూములో ఆ బెల్టునకే దీపపు బ్యాటరీని, సెల్ఫ్ రెస్క్యూయర్ అను ప్రాణరక్షకపు డబ్బాను తగిలించుకొనును. ఇంటిలో ఇల్లాలు బిడ్డకు జడవేసి రిబ్బను ముడివేయును. బడిబూట్లకు లేసులు కట్టును. గ్యాసు సిలిండరునకు రెగ్యులేటరు అమర్చును. ప్రొద్దు క్రుంకులోపల ఇవి యన్నియు మరల విప్పఁబడవలసినవే. ఈ పనులను తెలుఁగున చెప్పుకొనుటకు మన మెన్నఁడును తడుముకొనలేదు. అదే పనిని ఇంగ్లీషున వ్రాసిన కాగితము చేతికి వచ్చినప్పుడు మాత్రము చదువుకొన్న యిల్లాండ్రు సైతము ఒకింత నిలిచిపోవుచున్నారు.

ఇట్లు నిలుచుటకు నేఁడు తఱచుగా పని కలుగుచున్నది. 2022–23 విద్యాసంవత్సరము మొదలు తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. బిడ్డ పుస్తకము తెచ్చి తల్లి యొడిలో పెట్టి “అమ్మా, ఈ మాట కేమి యర్థము?” అని యడుగును. ఆసుపత్రి కాగితములు ఇంగ్లీషుననే యుండును. కొమారుఁ డమెరికాలోనో, అల్లుఁడు దుబాయిలోనో యున్న యింటివారు విమాన మెక్కినచో ఎదుటి కుర్చీ వీఁపున ఇంగ్లీషు మాటలే కనఁబడును. ఈ చోట్లన్నింటను పొంచియుండు మాట యొకటి కలదు. అది ‘అన్‌ఫాసెన్’. దానిని గుఱించి కొంచెము విపులముగా ముచ్చటించుకొందము.

మొదట ఉచ్చారణము. ఈ మాటను వ్రాయునప్పుడు నడుమ ‘టి’ అను నక్షరము కలదు, పలుకునప్పుడు లేదు. కావున ‘అన్‌ఫాస్టెన్’ అని పలుకరాదు. వినుట యను నర్థము గల ‘లిసెన్’, ఈల యను నర్థము గల ‘విజిల్’, కోట యను నర్థము గల ‘కాసిల్’ అను మాటలయందును ఆ ‘టి’ ఇట్లే నోరు మెదపక కూర్చుండును. ఇంగ్లండువారు ‘ఫాసెన్’ అని దీర్ఘముగా పలుకుదురు; అమెరికావారు ‘ఫ్యాసెన్’ అందురు. రెండును సరియైనవే. బిడ్డ యొక తీరున పలికినచో గద్దింప నక్కఱలేదు.

ఈ ‘ఫాసెన్’ అను మాట ‘ఫాస్ట్’ అను మాటనుండి పుట్టినది. ఫాస్ట్ అనఁగా వడిగా అని మన కందఱకును తెలియును. కాని ఆ యర్థము తరువాత వచ్చినది. మొదటి యర్థము గట్టిగా, కదలకుండ, బిగువుగా అని. చీరెల దుకాణములో అంగడివాఁడు “ఇది ఫాస్ట్ కలరమ్మా” అనునప్పుడు రంగు పరుగెత్తునని వాని యభిప్రాయము కాదు గదా! రంగు బట్టను గట్టిగా పట్టుకొని యున్నది, ఉదికినను విడువదు అని వాఁడు చెప్పుచున్నాఁడు. గాఢముగా నిద్రించువానిని ఇంగ్లీషువారు ‘ఫాస్ట్ ఎస్లీప్’ అందురు. నిద్ర వానిని బిగియఁబట్టినది. మన కింకను ప్రీతికరమైన సంగతి యొకటి యున్నది. ఉపవాసమును సైతము వారు ‘ఫాస్ట్’ అనియే పిలుతురు. నియమమును గట్టిగా పట్టియుండుట యని దాని మూలార్థము. మనమును ఒక్కప్రొద్దు పట్టితిమనియు, దీక్ష పట్టితిమనియు అనుచుందుము. ఆ పట్టును ఉదయమున వదలుటయే ‘బ్రేక్‌ఫాస్ట్’. ద్వాదశినాఁటి పారణకును ప్రతిదినమును తిను ఉప్మాకును ఇంగ్లీషులో ఒకే పేరు దొరకినదన్నమాట.

కావున ‘ఫాసెన్’ అనఁగా బిగించు, కట్టు, తగిలించు అని తేలినది. ఇంక దానిముందు నున్న ‘అన్’ సంగతి చూడవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మనకు సంస్కృతమునుండి వచ్చిన మాటలలో ‘అన్’ అనునది చిరపరిచితము. ఉచితము కానిది అనుచితము, అంతము లేనిది అనంతము, అర్థమునకు విరుద్ధమైనది అనర్థము. ఇంగ్లీషులో ‘హ్యాపీ’ యనఁగా సంతోషము గల. ‘అన్‌హ్యాపీ’ యనఁగా సంతోషము లేని. ఈ రెండు ‘అన్’లును వేఱు కావు. సంస్కృతమును ఇంగ్లీషును దూరపు చుట్టములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆ చుట్టఱికమునకు ఈ ‘అన్’ ఒక గుఱుతు. అందుచేత మనవారు ‘అన్’ కనఁబడినతోడనే ‘కాదు, లేదు, వద్దు’ అని యర్థము చేసికొందురు. ఆ లెక్కన ‘అన్‌ఫాసెన్’ అనఁగా ‘బిగింపవద్దు’ అని తోఁచుట సహజము. అయినను అది తప్పు.

ఇంగ్లీషులో ‘అన్’లు రెండు కలవు. ఒకటి పైని చెప్పినది. అది గుణమును చెప్పు మాటలముందు చేరి లేదనును. రెండవది పనిని చెప్పు మాటలముందు చేరును. అది వేఱొక వంశమునకు చెందినది. ప్రాచీన గ్రీకుభాషలోని ‘ఆంటీ’ అను మాటకును, వేదభాషలోని ‘అంతి’ అను మాటకును చుట్టము. ఎదురుగా, వెనుకకు అని దాని భావము. ఇది లేదనదు, వద్దనదు. చేసిన పనిని వెనుకకు త్రిప్పును. రూపములో అక్కచెల్లెండ్రవలె నున్నను ఈ రెండింటికిని రక్తసంబంధము లేదు.

మన మాటలలోనే పోలిక కావలెనన్నచో ‘వియోగము’ను తలంచుకొనుఁడు. ఎన్నఁడును కలిసియుండనివారికి వియోగము లేదు. కలిసియున్నవారు విడిపోయిననే అది వియోగమగును. అట్లే మొదట బిగింపఁబడి యున్న దానినే ‘అన్‌ఫాసెన్’ చేయవచ్చును. ఎద్దులమెడమీఁది కాడిని ఇంగ్లీషువారు ‘యోక్’ అందురు. కాడి విప్పుటను ‘అన్‌యోక్’ అందురు. ఆ యోక్ అను మాటయు, సంస్కృతములోని యుగము, యోగము అను మాటలును ఒకే మూలమునుండి వచ్చినవి. దుక్కి ముగిసి పలుపు విప్పిన రైతు చేసిన పనికిని, కావ్యములలోని వియోగమునకును మాటలలో ఇంత దగ్గఱితనమున్నదని తలంచినపుడు నాకు నవ్వును వచ్చును, ముచ్చటయు కలుగును.

ఈ రెండవ ‘అన్’ను మనదేశమున ఆబాలగోపాలమును నేర్చుకొన్న సంవత్సర మొకటి కలదు. 2020 మార్చి 25వ తేదీ మొదలు దేశమంతటను లాక్‌డౌన్ విధింపఁబడెను. జూన్ 1వ తేదీ మొదలు ‘అన్‌లాక్’ అను పేరుతో ఆ కట్టడిని మెట్టుమెట్టుగా సడలించిరి. ఆ దినములలో ‘అన్‌లాక్’ అనఁగా ‘తాళము వేయవద్దు’ అని యెవరును అనుకొనలేదు. వేసిన తాళము తీయుచున్నారనియే అక్షరము రాని యవ్వకు సైతము తెలిసెను. ఫోను ‘అన్‌లాక్’ చేయుట, తీఁగెను గోడనుండి ‘అన్‌ప్లగ్’ చేయుట, పెట్టెను ‘అన్‌ప్యాక్’ చేయుట, ఇవి యన్నియు ఆ కుదురులోనివే. ‘అన్‌ఫాసెన్’ను వీనిప్రక్కన కూర్చుండఁబెట్టినచో ఇంక మఱపు రాదు.

అయినను ఒక చోట మాత్రము జాగ్రత్త వహింపవలెను. పని జరిగిన పిదప చెప్పు రూపము ‘అన్‌ఫాసెన్డ్’. దీనికి రెండర్థములును పొసఁగును. “ద గేట్ వాజ్ అన్‌ఫాసెన్డ్” అన్నప్పుడు గేటు గడియ ఎవరో విప్పిరని కావచ్చును. అసలు గడియ వేయనేలేదని కావచ్చును. ముందువెనుకల మాటలనుబట్టి తెలిసికొనవలెను. దొంగ యెట్లు వచ్చెనో విచారించునపుడు ఈ భేదము చిన్నది కాదు.

ఔషధముల డబ్బాలమీఁద నుండు ‘అన్‌ఓపెన్డ్’ అను మాట ఇట్టిదే, కాని దానికి ఒక్క యర్థమే కలదు. అది మొదటి ‘అన్’. ఇంకను తెఱువనిది అనియే. మధుమేహము గలవారి యిండ్లలో ఇన్సులిను సీసా యుండును. తెఱువని సీసాను రిఫ్రిజిరేటరులో 2 మొదలు 8 డిగ్రీల చల్లఁదనమున నుంచవలెను, గడ్డకట్టనీయరాదు. వాడుకకు తీసిన సీసాను మాత్రము పెక్కు రకములకు 28 దినములలోపల ముగింపవలెను. రకమునుబట్టి ఈ గడువు మాఱును గనుక డబ్బాలోని కాగితమును చూడవలెను. ‘అన్‌ఓపెన్డ్’ అను మాటను ‘అన్‌లాక్డ్’ అను మాటవలె ‘తెఱచినది’ అని చదివినచో ఈ లెక్క తలక్రిందులగును. క్రియకును గుణమునకును గల భేదము వ్యాకరణపు పుస్తకములో నున్నంతవఱకు విసుగు పుట్టించును. మందు సీసామీఁదికి వచ్చినప్పుడు విసుగు పడుటకు వీలులేదు.

ఇప్పుడు మన తెలుఁగును చూతము. ఇంగ్లీషువారు కట్టు పేరు చెప్పి దానిముందు ‘అన్’ తగిలింతురు. బొత్తామునకు ‘అన్‌బటన్’, కొక్కెమునకు ‘అన్‌హుక్’, బెల్టు బిళ్లకు ‘అన్‌బకిల్’, ముడికి ‘అన్‌టై’, మరచీలకు ‘అన్‌స్క్రూ’. కట్టు ఏదైనను, ఎట్టిదైనను సరిపోవు పెద్ద మాట ‘అన్‌ఫాసెన్’. తెలుఁగునకు ఈ పద్ధతి లేదు. మనకు విడిపించు పనికి వేఱు క్రియలే కలవు: విప్పు, ఊడఁదీయు, సడలించు, వదలు, తీయు. వీనిలో ‘విప్పు’ ఎంత యందమైనది! మూట విప్పుదుము, జడ విప్పుదుము, పొడుపుకథ విప్పుదుము. నెమలి పురి విప్పును. మౌనముగా నున్నవాఁడు నోరు విప్పును. ‘అన్‌ఫాసెన్’కు ఇంత విస్తారము లేదు. అది చేతితో పట్టి విప్పఁదగిన కట్టును దాఁటి పోదు. పొడుపుకథను అన్‌ఫాసెన్ చేయరాదు.

తెలుఁగులోని ‘తీయు’ మనల నొక గోతిలో దింపుచున్నది. తలుపు తీయుదుము, తాళము తీయుదుము, బొత్తాము తీయుదుము, చెప్పులు తీయుదుము. అన్నింటికిని ఒకే క్రియ. తలుపు తీయుట ‘ఓపెన్’ కాఁబట్టి తక్కినవియు ‘ఓపెన్’ అనియే పలికెదము. “ఓపెన్ యువర్ బటన్”, “ఓపెన్ ద నాట్”, “ఓపెన్ యువర్ షూస్” అని మన బడులలో వినఁబడుచుండును. ఇంగ్లీషువారి చెవికి ఇవి వింతగా నుండును. బొత్తామును ‘అన్‌బటన్’ చేయవలెను లేదా ‘అన్‌ఫాసెన్’ చేయవలెను. ముడిని ‘అన్‌టై’ చేయవలెను. బూట్లను ‘టేక్ ఆఫ్’ చేయవలెను. బూటుల లేసులు విప్పుట వేఱు, బూట్లు కాలినుండి తీసివేయుట వేఱు గదా.

ఈ చివరి భేదము మన స్త్రీలకు మిక్కిలి ముఖ్యమని నా యభిప్రాయము. తెలుఁగులో ‘చొక్కా విప్పు’ అన్నచో చొక్కాను దేహమునుండి తీసివేయుమనియే యర్థము. కాని ఇంగ్లీషులో ‘అన్‌ఫాసెన్’ అంతదూరము పోదు. కట్టు వీడఁగానే దాని పని ముగియును. బట్ట దేహముమీఁదనే యుండును. రామకృష్ణాపూరులో సింగరేణివారి ఏరియా ఆసుపత్రి యున్నది. హైదరాబాదు పెద్దాసుపత్రులకు పోవువారును ఉన్నారు. పరీక్షల గదులలో నర్సులు కేరళమువారో ఉత్తరాదివారో యైనచో ఇంగ్లీషుముక్కలే వినఁబడును. అప్పుడు మూఁడు మాటలను వేఱువేఱుగా వినవలెను.

‘లూసెన్’ అన్నచో సడలింపుమని మాత్రమే. మూర్ఛిల్లినవారికి చేయు ప్రథమచికిత్సలో మెడయొద్దను నడుమునొద్దను బిగువుగా నున్న బట్టలను ‘లూసెన్’ చేయుమని వ్రాసియుండును. చీరె కుచ్చిళ్లు ఊడఁదీయ నక్కఱలేదు. లంగా బొందు వదులుచేసినఁ జాలును. ‘అన్‌ఫాసెన్’ అన్నచో కొక్కెములు గాని, బొత్తాములు గాని విప్పుమని. గుండె కొట్టుకొనుటను తెలుపు ఇ.సి.జి. పరీక్షకు ఱొమ్ముమీఁద ఎడమవైపున కొన్ని తీఁగెలను అంటింపవలసి యుండును. అందులకు రవికె కొక్కెములు విప్పి పైట కప్పుకొని పండుకొనుమని చెప్పుట సామాన్యముగా చాలును. ‘టేక్ ఆఫ్’ లేదా ‘రిమూవ్’ అన్నచో తీసివేయుమని. ఎక్సురే తీయునపుడు మెడలోని గొలుసులను ‘రిమూవ్’ చేయుమందురు. లోహము పటములో తెల్లగా పడి ఎముకను కప్పివేయును. ఇచ్చట గొలుసు కొక్కెమును విప్పి మెడలోనే యుంచుకొన్నచో ప్రయోజనము లేదు.

ఒక మెట్టు చాలునన్నచోట రెండవ మెట్టెక్కి, గదిలో సిగ్గుతో కుంచించుకొనిపోయి, ఆపై ఆసుపత్రి యన్ననే భయపడి రోగమును దాఁచుకొను స్త్రీలు కలరు. ఈ మూఁడు మాటల భేదము తెలిసినయెడల ఆ బాధ చాలవఱకు తప్పును. తెలియనిచోట “అన్‌ఫాసెన్ ఆర్ టేక్ ఆఫ్?” అని యడుగుటకు సంకోచింప నక్కఱలేదు. నాలుగు మాటల ప్రశ్న. దుప్పటి యడుగుటయు మన హక్కే.

ఇంక బావిలోనికి దిగుదము. మన మిండ్లలో కట్టు విప్పుటను తేలికపనిగా తలంతుము. బొగ్గుబావిలో అట్లు కాదు. పూర్వము గనులలో దీపమును గుఱించి జరిగిన కథ దీనికి నిదర్శనము. 1812వ సంవత్సరమున ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో వాయువు పేలి 92 మంది మరణించిరి. అట్టి ఘోరముల పిమ్మట 1815లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుఁడు జ్వాలచుట్టును సన్నని తీఁగెల వల నుంచిన దీపమును కల్పించెను. జ్వాల వేఁడిమిని ఆ వల పీల్చుకొనును. బయటి వాయువు అంటుకొనదు. కాని ఆ దీపము వెలుఁగు చాలదని కొందఱును, చుట్ట ముట్టించుకొనుటకు మఱికొందఱును దానిని విప్పెడివారు. విప్పినతోడనే రక్షణము పోవును. అందుచేత దీపములకు తాళములు పెట్టిరి. తరువాత అయస్కాంతముతోఁ దక్క తెఱువరాని తాళములు వచ్చినవి. నేఁడు కార్మికుని తలమీఁద వెలుఁగునది విద్యుద్దీపము. జ్వాలాదీపము వాయువును కనిపెట్టుటకై అధికారుల చేతులలో మిగిలినది. అయినను ‘అన్‌లాక్’ అను చిన్నమాటకు బావిలో నున్నంత బరువు ఇంటితాళమునకు లేదు.

టబ్బుల సంగతియు అట్టిదే. బొగ్గు నింపిన టబ్బులను ఒకదాని కొకటి తగిలించుట ‘కప్లింగ్’, ఊడఁదీయుట ‘అన్‌కప్లింగ్’. వాలుమీఁద ఊడిన టబ్బు తన బరువుతోనే క్రిందికి దూఁకును. అడ్డము వచ్చినదానిని చితుకఁగొట్టును. ఏటవాలు దారులలో అడ్డుకట్టెలను, టబ్బును ప్రక్కకు మరలించు పట్టాలను పెట్టుట అందుకొఱకే. హాలేజి త్రాటిపని చేసిన పాతతరపు పెద్దలను అడిగినచో, కదలుచున్న టబ్బు కొక్కెముమీఁద చేయి వేయరాదని మొదటి దినముననే నేర్పిరని చెప్పుదురు. ఇప్పుడు పెక్కు గనులలో బొగ్గును యంత్రములు ఎత్తి పోయుచున్నవి. కన్వేయరు బెల్టులు మోయుచున్నవి. మాట మాత్రము పోలేదు. రవీంద్రఖని స్టేషనుమీఁదుగా పోవు బొగ్గు గూడ్సు బండి ఇంజనును విడఁదీసినను రైల్వేవారు ‘అన్‌కపుల్’ అనియే యందురు. ఆలుమగలను ‘కపుల్’ అనుటయు ఇందుండియే గనుక, ఈ మాటను బిడ్డలకు చెప్పునపుడు వారు కిలకిల నవ్వినచో ఆశ్చర్యపడ నక్కఱలేదు.

కట్టు గట్టిగా నుండుట యొక్కటియే మంచిది కాదు. వేళకు వీడుటయు కావలెను. కారులలో మనము వాడు మూఁడు మొనల సీటుబెల్టును 1959లో స్వీడను దేశమున వోల్వో కంపెనీలో నీల్స్ బోలీన్ అను ఇంజినీరు తీర్చిదిద్దెను. అంతకుముందు అతఁడు సాబ్ కంపెనీలో, అపాయమునందు విమానచోదకుని బయటికి విసరివేయు కుర్చీలపై పనిచేసినవాఁడు. ఒంటిచేతితో బిగించి, ఒంటిచేతితో విప్పుటకు వీలుగా నుండుటయే ఆ బెల్టు వ్యాప్తికి ముఖ్యకారణము. కారు బెల్టును విప్పుటకు ఎఱ్ఱని బొత్తాము నొక్కవలెను. విమానపు బెల్టునకు బొత్తాము లేదు. బిళ్లమీఁది రేకును పైకెత్తవలెను. కారు అలవాటున బొత్తామునకై వెదకుట సహజము గనుక, మొదటిసారి విమాన మెక్కువారు కూర్చుండఁగానే రెండుమూఁడు మార్లు బిగించి విప్పి చూచుకొనుట మేలు. ప్రక్కవా రేమనుకొందురో యని సందేహింపవలదు.

ఎదుటి కుర్చీ వీఁపున “ఫాసెన్ సీట్ బెల్ట్ వైల్ సీటెడ్” అని యుండును. కూర్చున్నంతసేపును బెల్టు బిగించియుండుమని. “కీప్ యువర్ సీట్ బెల్ట్ ఫాసెన్డ్” అని వినఁబడినచో బిగించిన దానిని అట్లే యుంచుమని. “డు నాట్ అన్‌ఫాసెన్” అనునది వచ్చినపుడు తడఁబడ రాదు: ‘అన్’ను ‘వద్దు’ అని తీసికొన్నచో రెండు వద్దులు చేరి తల తిరుగును. విప్పు, అది వద్దు, అనఁగా విప్పకుము. తెలుఁగులో విప్పుమనుటకును విప్పకుమనుటకును నడుమ ఒక్క ‘క’ యే కదా భేదము. ఇంగ్లీషులో రెండు మాటలు ముందు వచ్చును. ఆ రెండు మాటలను విడిచి వినరాదు.

బిడ్డకు వాక్యములు వ్రాయించునపుడు ఈ కొలఁది చాలును. “షి అన్‌ఫాసెన్డ్ ద గేట్”, ఆమె గేటు గడియ తీసెను. “అన్‌ఫాసెన్ ద రోప్ ఫ్రమ్ ద పోస్ట్”, త్రాటిని గుంజనుండి విప్పుము. దేనినుండి యన్నది ‘ఫ్రమ్’ చెప్పును. కట్టు తనంతట తాను వీడినపుడు మాత్రము ‘కేమ్ అన్‌డన్’ అనుట వాడుక: “మై షూ లేస్ కేమ్ అన్‌డన్”, నా బూటు లేసు ఊడిపోయెను. మనము ఊడు, ఊడఁదీయు అని రెండు క్రియలతో చూపు భేదమును వారిట్లు చూపుదురు. బస్సులో బిడ్డ బొత్తాము ఊడినది తన తప్పు కాదని చెప్పుకొనుటకు ఈ వాక్యము మిక్కిలి యుపయోగపడును.

‘అన్‌డూ’ అనునది వీరందఱిలో పెద్దమ్మ. బొత్తామునకు, పొట్లమునకు, జడకు సరిపోవును. కట్టు లేని పనికిని సరిపోవును. కంప్యూటరులో వ్రాసినది చెఱిగినచో ‘అన్‌డూ’ నొక్కఁగా మరల వచ్చును. జరిగిన కీడును సరిదిద్దుటకును అదే మాట. చట్టములకు మాత్రము ఇంగ్లీషువారు ‘అన్‌ఫాసెన్’ను వాడరు. 1952 నాఁటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వాహకపు పనులకు, వారి వ్రాతపూర్వకమైన సమ్మతితో, ఉదయము 6 గంటలు మొదలు సాయంకాలము 7 గంటల వఱకు ఆ నిషేధమును సడలించెను. మనము తెలుఁగున ‘సంకెల విప్పిరి’ అని యుత్సాహముతో వ్రాసికొందుము. ఇంగ్లీషు పత్రికలో ‘లిఫ్టెడ్’ అనియో ‘రిలాక్స్‌డ్’ అనియో యుండును. ‘అన్‌ఫాసెన్డ్’ అని యుండదు. సంకెల కంటి కగపడునది యైననే ఆ మాట వచ్చును. మైనింగు చదువుచున్న మన యాఁడుబిడ్డలు పరీక్షలో వ్యాసము వ్రాయునపుడు ఈ మెలకువ తెలిసియుండుట మంచిది.

ఇన్ని చెప్పిన పిదప ఒక పేచీకోరు మాటను దాఁచిపెట్టుట న్యాయము కాదు. ‘లూసెన్’ అనఁగా సడలించు అని పైన వ్రాసితిని. దానిముందు ‘అన్’ చేరి ‘అన్‌లూసెన్’ అని పాత పుస్తకములలో కనఁబడును. మన సూత్రము ప్రకారము ‘సడలించినదానిని మరల బిగించు’ అని యర్థము రావలెను. కాని రాదు, దానికిని సడలించుట యనియే యర్థము. ఉండచుట్టిన నూలు పోగులను విడఁదీయు ‘రావెల్’, ‘అన్‌రావెల్’ అను జంటయు ఇట్టిదే, రెండును విడఁదీయుటయే. బిడ్డ సూత్రము చక్కగా నేర్చుకొని వచ్చి ఈ రెండింటిని చూపి తగవులాడినచో, ఇవి వాడుకచే వచ్చినవని చెప్పి నిఘంటువు తీసి చూపవలెను.